మోటుపల్లి రేవు దొంగ

తూర్పుతీరమందలి మోటుపల్లిలో నోడసరకులను దోఁచిన దెవరు? సాక్ష్యము ఱాతిమీఁదనే యున్నది. తుపానునకుఁ జిక్కి యొడ్డునఁ బడిన యోడలలోని బంగారమును, ఏనుఁగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వరాజులే బలిమిని హరించుచుండి రని కాకతి గణపతిదేవుని యభయశాసనము (క్రీ. శ. 1244) చెప్పుచున్నది. వాతాహతమైన నావను దండ్రివలె ననుగ్రహింపవలయు ననియు, నీటఁ దడిసిన సరకునకు సుంకము మానుటయో సగము చేయుటయో తగు ననియుఁ గౌటిల్యుఁడు విధించియుండఁగా నీ దోపిడి! ధనము ప్రాణముకంటె మిన్న యని కడలి దాఁటివచ్చు వర్తకులకు గణపతిదేవుఁడు 30 పాళ్లలో 1 పాలు సుంకము దక్కఁ దక్కినదెల్ల విడిచెను. శాసనము దీనిని దయ యనుచున్నది. నిజమే, కాని సుంకము స్వల్పమైనచోఁ జాటున సరకు దింపువానికి మిగులు నదేమి? 1358లో ననపోతరెడ్డి యదే రేవున వర్తకులకు మరల నభయ మొసఁగవలసివచ్చెను.