పొగగొట్టానికి రేకు మూత

కోస్తా వైపు ఉండే మిత్రుడొకడు ఈ మధ్య ఫోనులో ఒక సమస్య చెప్పాడు. వాళ్ళ పడవ ఇంజను ఆగినప్పుడల్లా పొగగొట్టం గుండా నీరు వెనక్కి వస్తోందట. పడవల్లో పొగను చల్లబరచడానికి అందులోకే నీటిని వదులుతారు. ఇంజను నెమ్మదించినప్పుడూ, ఆగినప్పుడూ గొట్టంలో ఒత్తిడి తగ్గిన క్షణాన ఆ నీరు వాల్వు వైపు పాకుతుంది. అందుకే గొట్టాన్ని ముందు నీటిమట్టం కన్నా ఎత్తుకు లేపి, హంసమెడలా వంచి, అక్కణ్ణుంచి కిందికి దించుతారు. చివర ఒక రబ్బరు రెక్క కడతారు.

వాడు చెబుతుంటే నాకు పడవ కాదు, మా బావి కళ్ళ ముందు మెదిలింది. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలో పడవలెక్కడివి? కంభం చెరువులో చేపలు పట్టేవాళ్ళ తెప్పలకు ఇంజన్లుండవు. అయినా పొగ బయటికి పోవాలి, నీరు లోపలికి రాకూడదు అన్న చిక్కు మా మెట్ట రైతులకూ ఉండేది. దాని వెనక కొంత చరిత్ర ఉంది.

1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మా తాలూకాలు కర్నూలు జిల్లాలోవి. అంతకు ముందు మద్రాసు రాష్ట్రంలోవి. చెరువు కింది అదృష్టవంతులను మినహాయిస్తే తక్కినవారికి బావీ కపిలే దిక్కు. రెండెద్దులు, ఒక తోలుబొక్కెన, వాలుగా దిగే బాట. చీకటితో కపిల కడితే ఎండెక్కేసరికి ఎద్దుల నోట నురగ. ఈ కష్టాన్ని ఇంజనుతో తప్పించవచ్చునని మద్రాసు ప్రెసిడెన్సీలో పట్టుబట్టినవాడు ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్. ఆయన మద్రాసు ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యుడు. 1900ల తొలి దశకంలో బావులకు చమురు ఇంజన్లు, పంపులు పెట్టించి లెక్కలు కట్టాడు. విచిత్రమేమంటే క్రోము తోళ్ళ పరిశ్రమకు పునాది వేసినవాడూ ఆయనే. అంటే తోలూ ఇంజనూ రెండూ ఆయన చేతి మీదుగా నడిచాయన్నమాట. పరిశ్రమల్లో ప్రభుత్వం వేలు పెట్టరాదని 1910లో లండన్ నుంచి మార్లే ఉత్తర్వు వచ్చింది. రెండేళ్ళకు ఛాటర్టన్ మైసూరు వెళ్ళిపోయాడు. ఆ ఉత్తర్వు రాకపోయి ఉంటే మా ఎద్దులకు ఇంకాస్త ముందే విశ్రాంతి దొరికేదేమో!

అసలు ఊపు స్వాతంత్ర్యం తరువాతే. 1946లో పుణెలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ ఏర్పడింది. క్రమంగా అయిదు గుర్రాల డీజిలు ఇంజను రైతు కలల్లోకి వచ్చింది. మా తాత పొలంలోని ఇంజను నేను పుట్టకముందే వచ్చింది. దాన్ని ఆడించే చక్రం, ఇత్తడి మూతలు, ఆముదం కాని ఆ వాసన ఇప్పటికీ గుర్తే.

ఇక్కడే ప్రకృతి ఒక అడ్డుపుల్ల వేసింది. పంపు నీటిని పైకి లాగదు. పైనున్న గాలి బరువే నీటిని గొట్టంలోకి నెడుతుంది. ఆ గాలి బరువు మోయగలిగేది సుమారు 10 మీటర్ల నీటిని. ఆచరణలో ఆరేడు మీటర్లు దాటితే కష్టమే. అడుగున ఫుట్‌వాల్వు ఉండాలి, లేకపోతే గొట్టంలో నింపిన నీరు తిరిగి బావిలోకి జారిపోతుంది. (మా ఊళ్ళో దాన్ని ‘ఫుట్‌బాల్’ అనేవారు. చిన్నప్పుడు బావిలో బంతి ఎందుకా అని ఆశ్చర్యపోయేవాణ్ణి.) మా వైపు పలకరాతి పొరలు తొలిచి తవ్విన బావులు నలభై, యాభై అడుగులు ఉండేవి. కాబట్టి ఇంజనునే బావిలోకి దించవలసి వచ్చింది. సగం లోతులో గోడను తొలిచి దిమ్మె కట్టి, దాని మీద బిగించేవారు.

ఇంజను లోపల, పొగా లోపలే. మృత్యువు అక్కడ పొంచి ఉండేది. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు. అది మన రక్తంలోని హిమోగ్లోబినును ప్రాణవాయువు కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బావిలోకి దిగేముందు లాంతరు దించి చూసే అలవాటు పెద్దలకుండేది. దీపం ఆరితే దిగరాదని వాళ్ళ లెక్క. పాడుబడ్డ బావిలోని చెడుగాలికి ఆ పరీక్ష పనికొస్తుంది కానీ ఇంజను పొగకు చాలదు. మనిషిని చంపేంత మోనాక్సైడు ఉన్నా దీపం నిక్షేపంగా వెలుగుతూనే ఉంటుంది. ఈ మాట తెలియక దీపాన్ని నమ్మి దిగినవారిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

అందుకని పొగగొట్టాన్ని బావి ఒడ్డు దాటేదాకా పొడిగించారు. దానితో కొత్త తిప్పలు మొదలయ్యాయి. గొట్టం పొడుగైతే పొగకు అడ్డు పెరిగి ఇంజను బిగదీస్తుంది. అప్పుడు లావుపాటి గొట్టం వేయాలి. అతుకుల దగ్గర పొగ కారితే మొదటికే మోసం. అక్కడ ఆస్బెస్టాసు తాడు చుట్టి బిగించేవారు. పైన నోరు తెరుచుకుని ఉంటే వాన నీరు నేరుగా సైలెన్సరులోకి, అక్కణ్ణుంచి తెరిచి ఉన్న వాల్వు గుండా సిలిండరులోకి దిగుతుంది. నీరు గాలిలా నలగదు. తెలియక హ్యాండిలు వేసి తిప్పితే కనెక్టింగు రాడ్డు వంగిపోతుంది. మా తాత అందుకే వానపడ్డ మర్నాడు వాల్వును ఎత్తిపట్టి నాలుగు చుట్లు ఉత్తినే తిప్పి, నీరు కక్కలేదని తేలాకే లివరు వదిలేవాడు.

వాన లేని రోజుల్లోనూ నీరు వచ్చేది. ఎక్కడిది? డీజిలు మండితేనే నీరు పుడుతుంది. లీటరు నూనెకు ఇంచుమించు లీటరు నీరు ఆవిరి రూపంలో పోతుంది. ముప్ఫై అడుగుల చల్లటి గొట్టంలో ఆ ఆవిరిలో కొంత చెమటలా పట్టి వెనక్కి కారుతుంది. ఇది తెలుసుకోవడానికి నాకు కళాశాల చదువు కావలసివచ్చింది. మా ఊరికి వచ్చే మేస్త్రీకి అక్కర్లేకపోయింది. “పొగ బైటికి పోవాల, నీళ్ళు లోనికి రాగూడదు, అంతే గదన్నా!” అని మా తాతతో అంటూ మూడు పనులు చేశాడు. ఇంజను నుంచి వచ్చే గొట్టం నిలువుగా లేచేచోట టీ ముక్క వేసి, దాని అడుగు కాలుకు బిరడా బిగించాడు. కారిన నీరంతా అక్కడ చేరుతుంది, వారానికోసారి విప్పితే నల్లటి నీళ్ళు పోతాయి. పైన నోటికి వంపు తిప్పాడు. ఆ వంపు చివర డబ్బారేకు కత్తిరించి తీగతో బందు వేశాడు. ఇంజను ఆడితే ఆ రేకు టపటపా లేస్తుంది, ఆగితే వాలి మూసుకుంటుంది. మా మిత్రుడి పడవకున్న రబ్బరు రెక్క, ఈ రేకు మూత అన్నదమ్ములే.

కరెంటు మోటార్లు వచ్చాయి, తరువాత బోర్లు వచ్చాయి. బోర్లు లోతుకు పోయినకొద్దీ బావులు అడుగంటాయి, ఆ లోతు నీళ్ళలో ఫ్లోరైడు బయటపడింది. మా బావిలో ఇప్పుడు తుమ్మచెట్టు మొలిచింది. ఇంజను ఎప్పుడో పాతసామాను వాడి తూకంలోకి పోయింది. గొట్టం మాత్రం దొడ్లో సొరపాదు పందిరికి గుంజగా నిలబడి ఉంది. మొన్న చూస్తే రేకు ఊడిపోయింది కానీ తీగ బందు ఇంకా ఉంది. మీ వైపు బావుల్లో ఈ మూతను ఏమని పిలిచేవారో తెలిసినవారు చెబితే సంతోషిస్తాను. మా వాళ్ళు దానికి పేరే పెట్టలేదు.