కుట్టుమిషను కాళ్లున్న కాలేజీ

తొలి రెమింగ్టన్ టైపు మిషనుకు కాళ్లుండేవి. 1874లో దాన్ని అమ్మకానికి పెట్టిన అమెరికా కంపెనీ అప్పటికే తుపాకులతోపాటు కుట్టుమిషన్లూ చేసేది. అందుకే టైపు మిషన్ని కూడా కుట్టుమిషను బల్లలాంటి దానిమీదే బిగించింది. పైన రంగు పూలు, కింద తొక్కుడు పలక. వరస పూర్తవగానే కాలితో తొక్కితే క్యారేజీ వెనక్కొచ్చేది. అన్నీ పెద్దక్షరాలే పడేవి.

ఇది తెలిశాక, నరసరావుపేటలాంటి ఊళ్లో ఒకే మేడమీద కుట్టు నేర్పే గదీ టైపు ఇన్‌స్టిట్యూటూ పక్కపక్కన కనిపిస్తే వింతనిపించదు. రెంటిదీ ఒకే పుట్టిల్లు.

పల్నాటి పిల్లలకు అసలు బిజినెస్ కాలేజీ ఆ టైపు గదే.

వ్యాపారం ఈ గడ్డకు కొత్తేమీ కాదు. కొండవీటి అనపోతారెడ్డి 1358లో మోటుపల్లి రేవులో శాసనం వేయించి పరదేశి వర్తకులకు సుంకాలు తగ్గించాడు. కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు సమకూర్చిన అవచి తిప్పయసెట్టికి శ్రీనాథుడు ఏకంగా హరవిలాసాన్నే అంకితమిచ్చాడు. ఆ సెట్టిగారు లెక్కలు నేర్చింది కొట్లోనే కాబోలు. అక్కణ్నుంచి అయిదొందల ఏళ్లు ఒక్క అంగలో దాటితే 1886 మద్రాసు. పచ్చయప్ప ధర్మనిధివారు కమర్షియల్ స్కూలు పెట్టారు. దేశంలో వాణిజ్య విద్యకు అదే మొదలంటారు.

1955లో గోద్రెజ్ స్వదేశీ టైపు మిషను వచ్చింది. 1966లో అధికార భాషా చట్టం రావడంతో తెలుగు టైపిస్టులకూ గిరాకీ పుట్టింది. 1974లో అధికార భాషా సంఘానికి తొలి అధ్యక్షుడైన వావిలాల గోపాలకృష్ణయ్యది ఈ పల్నాటి సత్తెనపల్లే.

ఇక ఆ గది. పొద్దున్నే మొదటి బ్యాచి. గంటకో బ్యాచి, నెలకింత ఫీజు. టెన్త్ తప్పినవాడి పక్కన డిగ్రీ అయిన అమ్మాయి. మొదటి పాఠం ఏ భాషలోనూ అర్థంలేని మాట: ఎడమచేత్తో ఏఎస్‌డీఎఫ్‌జీఎఫ్, కుడిచేత్తో సెమికోలన్ ఎల్‌కేజేహెచ్‌జే. చిటికెనవేలు కొడితే అక్షరం చూపుడువేలు కొట్టినంత నల్లగా పడదు. దానికి బలం వచ్చేదాకా కాగితానికి రెండువైపులా అదే కొట్టాలి. అంచు దగ్గరపడితే గంట మోగుతుంది, మీట లాగాలి. తెలుగు మిషనైతే గుణింతాలకూ ఒత్తులకూ విడిగా వేళ్లాడించాలి.

పరీక్షా అంతే నిక్కచ్చి. ఇంగ్లీషు లోయరుకు నిమిషానికి 30 మాటలు, హయ్యరుకు 45. మాటకు అయిదు దెబ్బల లెక్కన లోయరులో పది నిమిషాలకు 1500 దెబ్బలు. వచ్చిందీ రానిదీ కాగితమే చెప్పేస్తుంది. "మావాడు టైపు హయ్యరు" అన్న మాట పెళ్లి సంబంధాల్లోనూ చెల్లేది. ఊరు దాటని ఆడపిల్లలు ఎందరో ఆ కాగితంతోనే కలెక్టరేటు మెట్లెక్కారు.

2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక గుంటూరు చుట్టుపక్కల ఎంబీఏ సీట్లకు కొదవ లేకుండా పోయింది. వాటికి బస్సులున్నాయి, ఏసీ సెమినార్ హాళ్లున్నాయి. చిటికెనవేలికి పనిచెప్పే పాఠం ఒక్కటీ లేదు. గోద్రెజ్ 2009లో టైపు మిషన్ల తయారీ ఆపేసింది.

కంప్యూటర్లో వరస దించే మీటను కొన్ని కీబోర్డులు ఇప్పటికీ రిటర్న్ అనే అంటాయి. క్యారేజీ వెనక్కి రావడమే ఆ రిటర్న్. ఒకప్పుడు దాన్ని కాలితో తొక్కేవారు.