అటక మీది సీపీయూ, గోడ మీది డబ్బా

తిరువూరులో కేబుల్ వాళ్లు గుమ్మం దాకా ఫైబర్ లాగి వెళ్లాక, అటక మీద పాత సిస్టమ్ ఉన్న ఇంట్లో ఒక వాదన లేస్తుంది. "విడిగా రౌటర్ ఎందుకమ్మా? ఆ సీపీయూకే ఇంకో నెట్‌వర్క్ కార్డు తగిలిస్తే పోలా?" అంటాడు చదువుకునే కుర్రాడు. "అది రాత్రింబగళ్లు తిరిగితే కరెంటు బిల్లు నువ్వు కడతావా?" అంటుంది తల్లి. ఇద్దరి మాటా నిజమే. ఈ వాదన మాత్రం ఇంటర్నెట్ కంటే ముందే పుట్టింది.

1967లో అమెరికాలోని ఆన్ ఆర్బర్‌లో ఒక సమావేశం జరిగింది. దూరదూరాల కంప్యూటర్లను కలిపేద్దామని రక్షణ శాఖ పరిశోధన సంస్థ ఆర్పా తరఫున లారీ రాబర్ట్స్ ప్రతిపాదించాడు. వాటి యజమానులు మొహం చిట్లించారు. లక్షల డాలర్ల యంత్రాలవి. ఉన్న లెక్కలకే వాటి సమయం చాలడం లేదు, ఇక ఊళ్లవాళ్ల ఉత్తరాలు కూడా మోయాలా? చిక్కుముడి విప్పినవాడు ఆ సమావేశానికే వచ్చిన వెస్ క్లార్క్. విమానాశ్రయానికి వెళ్తూ దారిలో చెప్పాడు: పెద్ద కంప్యూటర్ల జోలికి పోవద్దు, ఒక్కోదాని పక్కన ఒక్కో చిన్న కంప్యూటర్ పెట్టి ఆ పని దానికి అప్పగించండి.

బీబీఎన్ సంస్థలో ఫ్రాంక్ హార్ట్ బృందం 1969లో ఆ మాటను నిజం చేసింది. హనీవెల్ 516 అనే మినీ కంప్యూటర్‌ను మార్చి తయారుచేసిన ఆ యంత్రం పేరు ఐఎంపీ. 'చిన్న' కంప్యూటరే, బరువు మాత్రం దాదాపు 400 కిలోలు! అక్టోబర్ 29న లాస్ ఏంజెలెస్ నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థకు 'లాగిన్' అని పంపబోతే రెండు అక్షరాలు చేరగానే అవతలి పెద్ద కంప్యూటర్ కుప్పకూలింది. మోసుకెళ్లిన యంత్రానిది తప్పేమీ లేదు.

1980 ప్రాంతంలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మళ్లీ అదే అవసరం వచ్చింది. ఒక్కో విభాగానికి ఒక్కో నెట్‌వర్క్, ఒకదాని భాష మరొకదానికి రాదు. వైద్య విభాగంలో పనిచేసే విలియం యేగర్ ఒక పీడీపీ-11 కంప్యూటర్ తీసుకుని, వాటి మధ్య దారి చూపే ప్రోగ్రాం రాశాడు. ఆండీ బెక్టల్‌షీమ్ రూపొందించిన బోర్డులతో అది 'బ్లూ బాక్స్'గా మారింది. 1984లో సిస్కో పెట్టిన లెన్ బోసాక్, శాండీ లెర్నర్ల మొదటి రౌటర్లకు పునాది ఇదే. కంప్యూటర్‌గా మొదలైనది అలా అమ్ముడుపోయే డబ్బా అయింది. కానీ ఆ డబ్బాల ఖరీదు సంస్థలకే తగినది.

ఇంటివాళ్లకు మిగిలింది పాత సిస్టమే. 1990ల చివర్లో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌తో 'లినక్స్ రౌటర్ ప్రాజెక్ట్' వచ్చి, రౌటర్‌కు కావలసినదంతా ఒక్క ఫ్లాపీలో కుదించేసింది. మూలపడిన 486 రకం సిస్టమ్‌కు రెండు నెట్‌వర్క్ కార్డులు పెట్టి, ఫ్లాపీ దూర్చితే చాలు, హార్డ్ డిస్క్ అక్కర్లేదు. అంతా మెమరీలోనే నడుస్తుంది కాబట్టి, ఉన్నట్టుండి కరెంటు పోయినా పాడయ్యేదేమీ లేదు. మన ఊళ్లకు ఇంతకంటే అనువైన ఏర్పాటు ఉంటుందా అనిపిస్తుంది. అయితే తల్లి లెక్క వదలదు: 80 వాట్ల సిస్టమ్ నెలంతా ఆగకుండా తిరిగితే 57 యూనిట్లు దాటుతుంది, 8 వాట్ల డబ్బాకు ఆరు కూడా కావు.

పాత సిస్టమ్ పనితనాన్నీ చిన్న డబ్బా పొదుపునూ కలిపింది ప్రణాళిక కాదు, ఒక మనిషి ఆరా. 2002 చివర్లో లింక్‌సిస్ సంస్థ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే ఇంటి రౌటర్ తెచ్చింది. 2003 జూన్‌లో ఆండ్రూ మిక్లాస్ దాని సాఫ్ట్‌వేర్‌ను తరచి చూసి, లోపల ఉన్నది లినక్స్ అని బయటపెట్టాడు. లినక్స్ వాడి అమ్మితే దాని సోర్స్ కోడ్‌ను కొన్నవాళ్లకు ఇవ్వాలన్నది లైసెన్సు నియమం. అప్పటికే లింక్‌సిస్‌ను కొనేస్తున్న సిస్కోకు అది ఊహించని తలనొప్పి. చివరికి కోడ్ ఇవ్వక తప్పలేదు. అది చేతికందగానే ఔత్సాహికులు 2004లో ఆ రౌటర్‌లో నడిచే సొంత సాఫ్ట్‌వేర్ 'ఓపెన్‌వర్ట్' మొదలుపెట్టారు. 16 ఎంబీ మెమరీ ఉన్న ఆ చిన్న డబ్బా, పాత సిస్టమ్ చేసే పనులెన్నో చేయసాగింది.

2005లో ఖర్చు తగ్గించడానికి లింక్‌సిస్ ఆ రౌటర్ మెమరీని సగం చేసి, లినక్స్‌నే తీసేసింది. కొనేవాళ్లు గోల పెట్టారు. దాంతో పాత రౌటర్‌నే పేరు చివర 'ఎల్' తగిలించి మళ్లీ బజారుకు తేవలసి వచ్చింది. ఆ 'ఎల్' రకం పదేళ్లకు పైగా అమ్ముడుపోయింది.