గండుపిల్లికి గండం

బి.ఏ.లో చరిత్ర చదువుకునే రోజుల్లో, అశోకుడు దారుల వెంట చెట్లు నాటించాడనీ బావులు తవ్వించాడనీ కంఠతా పట్టి, పరీక్ష రాసి పాసైపోయాం. మనుషులకే కాదు, పశువులకి కూడా వైద్యం ఏర్పాటు చేశానని ఆయన రెండో శిలాశాసనంలో చెప్పుకున్నాడు. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఆ శాసనం ఉంది. ఆ పశువుల్లో పిల్లి ఉందో లేదో మాత్రం చక్రవర్తిగారు వివరించలేదు. లేదనే నా అనుమానం. పాలిచ్చే ఆవుకీ, బండి లాగే ఎద్దుకీ, యుద్ధానికెళ్ళే గుర్రానికీ వైద్యం చేయిస్తే అది ఖర్చు కింద రాదు, పెట్టుబడి కింద వస్తుంది. నెలకో ఎలకని పట్టి, మిగతా రోజులన్నీ గట్టు మీద నిద్రపోయే పిల్లికి జబ్బు చేస్తే డబ్బు తీసేదెవరు?

ఈ ప్రశ్న నాకు పుస్తకంలోంచి పుట్టలేదు. రెండేళ్ళ క్రితం మా పనిమనిషి చీరకొంగులో చుట్టి తెచ్చింది. "చూడండమ్మగారూ, నిన్న మధ్యాన్నం నించీ వీడు మూలమూలకీ పోయి కూచుంటాడు, ముక్కుతాడు, అరుస్తాడు. చుక్క రాదు" అంది. కొంగులో బలిసిన గండుపిల్లి. పొట్ట కింది భాగం రాయిలా బిగుసుకుపోయి ఉంది. మా అత్తగారు పల్లేరుకాయల కషాయం పట్టమన్నారు. పక్కింటి పిన్నిగారు బార్లీనీళ్ళన్నారు. ఎదురింటాయన విరేచనాల మందన్నాడు. ముక్కుతోందంటే మలబద్ధకమని అనుకోవడం అన్ని దేశాల్లోనూ ఉన్నదేనట. ఇంకెవరో నొప్పికి పారాసెటమాల్ ముక్క వెయ్యమన్నారు. ఆ మాట ఎవరన్నా సరే మీరు వినకండి. మనం జ్వరానికి వేసుకునే ఆ బిళ్ళ ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తియ్యడానికి. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు.

ముందు వెళ్ళిన ఆసుపత్రిలో చెప్పిన అంకె విని ఆమె పిల్లిని మళ్ళీ కొంగులో చుట్టేసింది. మూడిళ్ళలో అంట్లు తోమితే వచ్చే నెలజీతం అది. ఆ అంకె అన్యాయమని నేననను. మత్తు, గొట్టం, సెలైను, రెండు మూడు రోజుల కాపలా, ఇవేవీ ఊరికే రావు. ఆమె జీతం మాత్రం ఊరికే వచ్చిందా? చివరికి ప్రభుత్వ పశువుల ఆసుపత్రిలో రెండు గేదెల వెనక వరసలో నిలబడి, ఓ చిన్నవయసు డాక్టరమ్మ చేత గొట్టం వేయించుకుని ఆ పిల్లి బతికింది. మూత్రం పూర్తిగా బిగిసిపోతే ఒంట్లో పొటాషియం పెరిగి గుండె మందగిస్తుందిట. రెండు మూడు రోజులకి మించి బతకదుట. ఆడపిల్లికి మూత్రనాళం కాస్త వెడల్పు, పొట్టి. గండుపిల్లికి పొడుగు, చివర సన్నం. గండమంతా ఆ చివరనే.

పంపించేటప్పుడు ఆవిడ రాసిచ్చిన మందులు రెండే. మిగతాదంతా నోటిమాట. "తిండిలో నీళ్ళెక్కువ కలుపు. నాలుగు చోట్ల నీళ్ళు పెట్టు. కుక్క జోలికి రాకుండా, పిల్లలు తరమకుండా చూడు. భయపడనివ్వకు." ఇంత పెద్ద రోగానికి ఇదా వైద్యం అన్నట్టు పనిమనిషి నావైపు చూసింది. నేను ఇంటికొచ్చి పుస్తకాలు ముందేసుకున్నాను. చూద్దును కదా, ఆ నాలుగు మాటల వెనక వందేళ్ళ కథ ఉంది. డబ్బున్నవాళ్ళ కథా, లేనివాళ్ళ కథా కలిసే ఉన్నాయందులో.

లండన్ సంగతి చూడండి. విక్టోరియా మహారాణి కాలంలో పిల్లులకి గుర్రపు మాంసం పుల్లలకి గుచ్చి వీధివీధినా అమ్మేవాళ్ళు. పిల్లి తినేది ఆ మాంసమో ఎలకో, తిరిగేది పెరళ్ళలో, గోడల మీద. అది ఎక్కడ ఒంటికి పోసిందో, ఎన్నిసార్లు పోసిందో, అసలు పోసిందో లేదో ఎవరికీ తెలీదు. నాలుగురోజులు కనిపించకపోతే పోయిందనుకునేవాళ్ళు. రోగం లేక కాదు, చూసేవాళ్ళు లేక.

పేదల జంతువులకి వైద్యం అన్న ఆలోచన అక్కడ మెల్లిగా పుట్టింది. 1897లో 'అవర్ డంబ్ ఫ్రెండ్స్ లీగ్' అని ఒక సంఘం వెలిసింది. నోరులేని నేస్తాల సంఘమన్నమాట. 1906లో వాళ్ళు విక్టోరియా ప్రాంతంలో డబ్బివ్వలేనివాళ్ళ జంతువులకోసం ఆసుపత్రి తెరిచారు. తర్వాత 'బ్లూ క్రాస్' అయింది ఈ సంఘమే. కానీ నాకు బాగా నచ్చింది మరియా డికిన్ కథ. 1870లో పుట్టింది. మతబోధకుడి కూతురు, లెక్కలు చూసే ఉద్యోగి భార్య. లండన్ తూర్పు వాడల్లో పేదవాళ్ళకి సాయం చేద్దామని తిరుగుతూ ఉంటే, వాళ్ళ కాళ్ళదగ్గర కుంటుతూ, కుళ్ళుతూ ఉన్న కుక్కలూ పిల్లులూ గాడిదలూ ఆవిడ కంటబడ్డాయి. 1917 నవంబరులో, మొదటి ప్రపంచ యుద్ధం ఇంకా ముగియకముందే, వైట్‌చాపెల్‌లో ఒక నేలమాళిగలో ఉచిత వైద్యశాల పెట్టింది. జబ్బు చేసిన జంతువుని తీసుకురండి, డబ్బు అక్కర్లేదు అని బయట బోర్డు. జనం ఎగబడ్డారు. తర్వాత గుర్రబ్బండి మీద తిరుగుడు ఆసుపత్రి కూడా వచ్చింది.

మరి పశువైద్యులు సంతోషించారా? లేదు. ఆవిడ దగ్గర పనిచేసేవాళ్ళలో చాలామందికి పట్టాలు లేవని, అర్ధవైద్యం ప్రమాదమని గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఏళ్ళ తరబడి తగువు. 1948లో చట్టం వచ్చి పట్టా లేనివాళ్ళ వైద్యానికి హద్దులు గీసింది. నాకైతే ఇద్దరిదీ న్యాయమే అనిపిస్తుంది. పట్టాలేని చేతికి పిల్లినివ్వడం తప్పే. పట్టా ఉన్న చేతికివ్వడానికి డబ్బు లేదాయె! ఆవిడ పెట్టిన సంస్థ ఇప్పటికీ ఉంది. ప్రభుత్వ భృతి మీద బతికే వాళ్ళ జంతువులకి ఉచితంగానో, తక్కువ ఖర్చుతోనో వైద్యం చేస్తోంది.

అదే లండన్లో 1925లో హామిల్టన్ కిర్క్ అనే పశువైద్యుడు పిల్లి జబ్బుల మీద ఒక పుస్తకం వేశాడు. మూత్రం బిగియడం గురించి అందులో ఒక అధ్యాయమే ఉంది. కారణాల్లో ఒకటిగా ఆయన చెప్పింది, పిల్లిని ఎప్పుడూ ఇంట్లో మూసిపెట్టి ఉంచడం. ఈ మాట గుర్తు పెట్టుకోండి. తర్వాత యాభై అరవై ఏళ్ళు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఎందుకంటే కథ అమెరికా వెళ్ళింది, అక్కడ పిల్లి జీవితమే మారిపోయింది. రెండో యుద్ధంలో రేకుడబ్బాలకి కరువొచ్చి, డబ్బా మాంసం బదులు సంచీల్లో ఎండుతిండి అమ్మకం పెరిగింది. 1947లో మిషిగన్‌లో ఎడ్ లో అనే కుర్రాడి దగ్గరికి పొరుగావిడ వచ్చి, పిల్లి దొడ్డి పెట్టెలోకి ఇసుక అడిగింది. అంతకుముందు బూడిద వాడితే ఇల్లంతా నల్లటి పాదాల గుర్తులట. అతను ఇసుకకి బదులు తేమ పీల్చే మట్టిగుళికలు ఇచ్చాడు. అవి బాగా పనిచేశాయి. 5 పౌన్ల సంచీ 65 సెంట్లకి అమ్మబోతే, ఇసుక అంతకన్నా చవకగా దొరుకుతుంటే మట్టి ఎవరు కొంటారని కొట్టువాడు నవ్వాడట. అయితే ఊరికే పంచిపెట్టమన్నాడితను. ఊరికే తీసుకున్నవాళ్ళు తర్వాత డబ్బిచ్చి కొన్నారు.

అలా పిల్లి ఇంట్లోకి వచ్చేసింది, తలుపు మూసుకుంది. ఎలక ఒంట్లో నూటికి డెబ్భై పాళ్ళు నీళ్ళే. ఎండుతిండిలో పది పాళ్ళు కూడా ఉండవు. పిల్లి పుట్టిల్లు ఎడారి. దాహమేసినా ఎక్కువ తాగే అలవాటు లేదు, మూత్రాన్నే చిక్కబరుచుకుంటుంది. దొడ్డి పెట్టె వచ్చాక యజమానురాలికి రోజూ అన్నీ కనబడసాగాయి. రక్తపు చుక్క కనబడింది, ముక్కడం కనబడింది. ఆవిడ డాక్టరు దగ్గరికి పరిగెత్తింది.

డాక్టర్లు ఏం చేశారంటారా? మొదట క్రిములన్నారు, యాంటిబయాటిక్కులిచ్చారు. 1969 ప్రాంతంలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో కాథరిన్ ఫాబ్రికాంట్, ఆవిడ తోటివాళ్ళూ వైరస్ కావచ్చన్నారు. 1970ల్లో ఈ బాధలన్నిటికీ కలిపి ఒక పెద్ద పేరు పెట్టారు. పేరు పెడితే సగం తెలిసినట్టే ఉంటుంది మరి! తర్వాత తిండిలో ఖనిజాలన్నారు. మెగ్నీషియం ఎక్కువ పెడితే పిల్లులకి స్ట్రువైట్ అనే రాళ్ళు తయారవడం ప్రయోగాల్లో చూశారు. 1980ల్లో కంపెనీలు మెగ్నీషియం తగ్గించి, మూత్రాన్ని ఆమ్లంగా మార్చే తిండి అమ్మాయి. స్ట్రువైట్ నిజంగానే తగ్గింది. కానీ మిన్నెసోటాలో కార్ల్ ఆస్బోర్న్ 1981లో మొదలుపెట్టిన రాళ్ళ పరీక్షా కేంద్రం లెక్కలు చూడండి. మొదట్లో నూటికి రెండే ఉన్న ఆక్సలేట్ రాళ్ళు, ఇరవయ్యేళ్ళు తిరిగేసరికి సగం దాటిపోయాయి. స్ట్రువైట్ తిండితో కరుగుతుంది, ఆక్సలేట్ కరగదు, కొయ్యాల్సిందే. అంటే ఖర్చు మరింత పెరిగింది.

ఇందులో ఒక తమాషా ఉంది. రాయీ లేక, క్రిమీ లేక, ఊరికే మూత్రాశయం మంటపెట్టి రక్తం చూపించే పిల్లులే ఎక్కువట. దారి మూసుకుపోకపోతే ఆ మంట చాలావాటికి వారంలోగా దానంతటదే తగ్గుతుంది. జలుబుకి మందేస్తే వారం, వెయ్యకపోతే ఏడురోజులు అంటారే, అదే లెక్క! అందుకని ఏ మందిచ్చినా గుణమిచ్చినట్టే కనిపించింది. యాంటిబయాటిక్కూ పనిచేసింది, ఖరీదైన తిండీ పనిచేసింది, పల్లేరుకాయల కషాయమూ పనిచేసి ఉండేది. వయసులో ఉన్న పిల్లికి అసలు క్రిములుండడం బాగా అరుదని తేలాక కూడా ఆ బిళ్ళలు రాస్తూనే వచ్చారు. డబ్బున్నవాళ్ళకి అది చిల్లర. డబ్బులేని ఇల్లాలు వాటికే ఉన్నది ఖర్చుపెట్టి, నిజంగా దారి మూసుకుపోయిన నాడు చేతులు ముడుచుకు కూచోవలసి వచ్చేది.

చివరికి ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో టోనీ బఫింగ్టన్ ఈ మంట వెనక భయం, విసుగు ఉన్నాయని చూపించాడు. 2006లో వాళ్ళు ప్రచురించిన వ్యాసంలో 46 పిల్లులకి మందులకన్నా ఇల్లు సర్దడం మీదే దృష్టి పెట్టారు. దాక్కోడానికో చోటు, ఎక్కడానికో అరుగు, శుభ్రమైన పెట్టె, వేళకి తిండి. చాలావాటికి బాధ తగ్గింది. 2011లో ఇంకో వ్యాసం. రోజువారీ పద్ధతి మారితే ఆరోగ్యంగా ఉన్న పిల్లులు కూడా తిండి మానడం, వాంతి చేసుకోడం, పెట్టె బయట పొయ్యడం మొదలెట్టాయిట. వేళ తప్పడమే జబ్బు! కిర్క్ మహాశయుడు 1925లో వేలు పెట్టి చూపించిన చోటికే తిరిగి తిరిగి వచ్చారన్నమాట. ఆ వైద్యానికి పైసా ఖర్చు లేదు. అట్టపెట్టె చాలు.

దారి మూసుకుపోయిన గండుపిల్లికి మాత్రం అట్టపెట్టె చాలదు. గొట్టం వేయించడానికి డబ్బు లేదంటే మిగిలేది చంపే సూదే. అమెరికాలో ఇప్పటికీ చాలామంది యజమానులు ఏడుస్తూ దానికే ఒప్పుకుంటారు. అదే ఒహాయోలో ఎడ్వర్డ్ కూపర్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళూ ఇలాంటివాళ్ళ కోసమే ఒక పద్ధతి ప్రయత్నించి 2010లో ప్రచురించారు. గొట్టం లేదు. నొప్పి తగ్గించే మందు, నరాలు సడలే మత్తు, నిండిన మూత్రాశయంలోంచి అప్పుడప్పుడు సూదితో మూత్రం తీసెయ్యడం, చర్మం కింద సెలైను, వీటితోబాటు అలికిడి లేని చీకటి గది. బాధా బెదురూ తగ్గితే బిగిసిన నాళం తనంతట సడలుతుందని వాళ్ళ ఆశ. 15 పిల్లుల్లో 11 మూడురోజుల్లోగా తమంతట తామే పోశాయి. తక్కిన నాలుగింటిలో మూడింటికి పొట్టలోకి మూత్రం కారింది, ఒకదానికి రక్తం కారింది. ఈ సంగతి కూడా దాచకుండా రాశారు. ఇది డాక్టరు చేతిలో జరగవలసిందేగానీ ఇంట్లో చేసేది కాదు. గొట్టమే మేలని వాళ్ళూ ఒప్పుకుంటారు. కానీ చంపడానికీ గొట్టానికీ మధ్య ఇంకో మెట్టు ఉందని డబ్బు లేనివాళ్ళకి చెప్పినవాళ్ళు వాళ్ళు.

మన దగ్గర ఆసుపత్రులు పశువుల కోసమే పుట్టాయి. 1903లో మద్రాసులో పశువైద్య కళాశాల పెట్టినా, 1946లో హైదరాబాదులో, 1955లో తిరుపతిలో పెట్టినా ముందు కనబడింది గేదే, ఎద్దూ. పిల్లి తర్వాత వచ్చి వరసలో నిలబడింది. ఇవాళ నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలలోనూ, రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం కళాశాలల ఆసుపత్రుల్లోనూ దాన్ని చూస్తారు, బయటికన్నా బాగా తక్కువకి. గండుపిల్లి ఉన్న ఇల్లాళ్ళు పిల్లి బాగున్నప్పుడే ఒకసారి ఫోను చేసి, వాళ్ళు ఏ వేళ తలుపు తీస్తారో, ఆదివారం ఉంటారో లేదో కనుక్కుని పెట్టుకోండి. మాకు దగ్గరున్నది మధ్యాన్నానికే మూసేస్తారు.