పండిత పదవి నుండి పరిశోధక పదవికి: ఒక చారిత్రక పరిశీలన

విశ్వవిద్యాలయాలలో తెలుగు అధ్యాపక నియామకానికి నేడు బోధనాసామర్థ్యం, పరిశోధన రెండూ ఆవశ్యకాలు. ఈ రెండూ ఒకే పదవికి చెందినవన్న భావన మొదటి నుండీ ఉన్నది కాదు. అది రూపొందిన క్రమాన్ని మూడు దశలుగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

1812లో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ చొరవతో మద్రాసులో సెంట్ జార్జి కోట కళాశాల ఏర్పడింది. కుంఫిణీ కొలువులో కొత్తగా చేరిన ఆంగ్లేయోద్యోగులకు దేశభాషలు నేర్పడం దాని లక్ష్యం. వేదం పట్టాభిరామశాస్త్రి అందులో ప్రధాన పండితులు. ఆయన జీతం బోధనకే. అయినా ఆయన తెలుగు ధాతువులను సంకలనం చేశారు. 1816లో వెలువడిన క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో, తెలుగు సంస్కృతజన్యం కాదని నిరూపించడానికి ఎల్లిస్ ఈ ధాతుసామగ్రిని ఉపయోగించుకొన్నాడు. ద్రావిడ భాషాకుటుంబ భావనకు పునాది వేసిన ఆ వాదం ఎల్లిస్ పేరుతోనే ప్రసిద్ధమైంది. పండితుని కృషి ఆయన పదవిలో భాగంగా గుర్తింపు పొందలేదు.

రెండవ దశ సి. పి. బ్రౌన్‌ది. కడపలో ఆయన తన సొంత సొమ్ముతో పండితులను, లేఖకులను నియమించాడు. వ్రాతప్రతులను సేకరించడం, పాఠాంతరాలను పోల్చడం, శుద్ధప్రతులు సిద్ధపరచడం, వ్యాఖ్యానాలు రాయడం వారి పని. జూలూరి అప్పయ్య వారిలో ముఖ్యులు. ఇవి అచ్చమైన పరిశోధనోద్యోగాలు. కాని వాటికి ఆధారం ఒక వ్యక్తి ఆదాయమే. సంస్థాగతమైన భద్రత లేదు.

మూడవ దశ విశ్వవిద్యాలయాలది. 1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయం తొలి దశాబ్దాలలో ప్రధానంగా పరీక్షలు నిర్వహించే సంస్థ. అక్కడ 1927లో ప్రాచ్యపరిశోధన సంస్థ వెలసింది. దాని తెలుగు శాఖ బాధ్యత కోరాడ రామకృష్ణయ్యగారికి దక్కింది. ద్రావిడభాషల తులనాత్మక అధ్యయనానికి ఆయన చేసిన కృషి పదవీధర్మంగానే సాగింది. పట్టాభిరామశాస్త్రిగారు జీతానికి వెలుపల చేసిన పనికి నూరేళ్ల తరువాత పదవి ఏర్పడిందన్నమాట.

నేడు ఆ పదవి ఉంది; దాని ప్రవేశద్వారమే మారింది. 1989లో ప్రారంభమైన జాతీయ అర్హత పరీక్ష ఇప్పుడు బహుళైచ్ఛిక ప్రశ్నలతో సాగుతున్నది. అది అభ్యర్థి సమాచారజ్ఞానాన్ని కొలవగలదు. తాళపత్రాన్ని చదవడం, పాఠనిర్ణయం చేయడం వంటి నైపుణ్యాలను కొలవలేదు. అప్పయ్య వంటి పండితుల నియామకానికి ఆధారమైనవి ఈ నైపుణ్యాలే.

బ్రౌన్ సేకరించిన ప్రతులు చెన్నైలోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో నేటికీ ఉన్నాయి. వాటిని చదవగలవారు కరవైతే, ఉన్న పదవులు కూడా పేరుకే పరిశోధక పదవులవుతాయి. కావున తెలుగు శాఖల నియామకాలలో ప్రతిపఠనానికి ఒక ప్రాయోగిక పరీక్షను చేర్చడం సముచితం. ఇది కొత్త అర్హత కాదు. ఈ పదవికి మూలమైన అర్హత.