పళ్లెం మీద నీలి అద్దకం

1756 జులై 27న లివర్‌పూల్‌లో జాన్ శాడ్లర్, గై గ్రీన్ ఆరు గంటల్లో పన్నెండు వందలకు పైగా మట్టి పలకల మీద బొమ్మలు అద్దారు. నేర్పరులైన చిత్రకారులు వంద మంది కూర్చున్నా ఆ వేళకు అన్ని గీయలేరని వాళ్లు ప్రమాణపత్రంలో చెప్పుకున్నారు. అప్పటికే బర్మింగ్‌హామ్‌లో జాన్ బ్రూక్స్ అనే చెక్కుడు పనివాడు ఇలాంటి అద్దకానికే పేటెంటు అడిగి ఉన్నాడు.

శాడ్లర్, గ్రీన్‌లు అద్దింది మెరుగు పూత మీద. వాడగా వాడగా అలాంటి బొమ్మ అరిగిపోతుంది. పూత కింద అద్దితే చెక్కుచెదరదు, కానీ ఆ పూతను కరిగించే మంటకు చాలా రంగులు తట్టుకోలేవు. తట్టుకున్నది కోబాల్ట్ నీలం. పాత బ్రిటిష్ పళ్లేల్లో అంత నీలం కనిపించడానికి అసలు కారణం ఇదే. వూస్టర్ కార్ఖానా వాళ్లు పింగాణి మీద పూత కింది అద్దకాన్ని ముందే చేస్తున్నా, మామూలు మట్టి పాత్రల మీద దీన్ని నిలబెట్టినవాడు స్టోక్‌లోని జొసయా స్పోడ్. అది 1784 ప్రాంతం.

పని తీరు చూడండి. రాగి రేకు మీద బొమ్మ చెక్కి, రేకును వేడి చేసి, నూనెలో కలిపిన చిక్కటి రంగును గాట్లలోకి దట్టిస్తారు. పైపైది తుడిచేసి, సబ్బునీళ్లు పట్టించిన పలచటి కాగితం పరిచి మరలో ఒత్తుతారు. కాగితం మీదికి దిగిన బొమ్మను ఆడవాళ్లు ఒకసారి కాల్చిన పాత్ర మీద పరిచి, గట్టిగా రుద్దుతారు. నీళ్లలో ముంచితే కాగితం ఊడిపోతుంది, బొమ్మ మిగులుతుంది. నూనె పోయేలా ఓసారి కాల్చి, మెరుగులో ముంచి మళ్లీ బట్టీలో పెడతారు.

విల్లో చెట్టు, వంతెన, రెండు పక్షులున్న పళ్లెం చూసి చాలామంది చైనాదనుకుంటారు. చైనా పాత్రలు చూసి ఇంగ్లండులో కూర్చిన బొమ్మ అది. ఆ బొమ్మకు చెప్పే ప్రేమికుల కథను తర్వాత అల్లారు. మన దేశమూ ఆ పళ్లేల్లోకి ఎక్కింది. బెంగాల్ సైన్యంలో పనిచేసిన థామస్ విలియమ్సన్ పుస్తకంలోని వేట దృశ్యాలను స్పోడ్ వాళ్లు నీలంలో అద్దారు. ఎలుగుబంటి చావును భోజనపు పళ్లెం మీద వేశారంటే నాకిప్పటికీ మింగుడుపడదు. చెక్కడం మాత్రం అద్భుతం.

అలాంటి పళ్లెం చేతికొస్తే ముందు అంచు చూడండి. చదునైన కాగితం గుండ్రటి అంచుకు ఒదగదు, అందుకే ముక్కలు కత్తిరించి అతికేవారు. రెండు ముక్కలు కలిసినచోట సగంలో తెగిన పువ్వొకటి దొరుకుతుంది.