కృత్రిమ మేధ సహాయకం అనుకూలీకరణ

కృత్రిమ మేధ సహాయకం అనుకూలీకరణ అనగా అందరికీ ఒకే విధముగా లభించు సంభాషణ సాఫ్టువేరును ఒక కార్యాలయము, దుకాణము లేదా వృత్తి యొక్క నిత్య అవసరాలకు తగినట్లు మలచుకొనుట. చాట్‌జీపీటీ, జెమినై, క్లాడ్ మొదలైనవి ఇటువంటి సహాయకాలు. ఉత్తరాలు వ్రాయుట, అర్జీల సారాంశము తీయుట, ధరల పట్టికలు తయారు చేయుట, తెలుగు-ఇంగ్లీషు అనువాదము వంటి పనులకు వీటిని ఉపయోగిస్తారు. ఒక ప్రాంతపు మాటలు, కొలతలు, వ్యవహార పద్ధతులు ఈ సహాయకాలకు సరిగా తెలియకపోవచ్చును. వాటిని ముందుగా తెలియజేయుటయే అనుకూలీకరణలో ముఖ్యమైన భాగము. ఈ వ్యాసములో నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతపు వృత్తులను ఉదాహరణగా తీసుకొని ఈ విషయము వివరించబడినది.

చరిత్ర

ఈ సహాయకాలకు మూలమైన ట్రాన్స్‌ఫార్మర్ అను నిర్మాణమును 2017లో గూగుల్ పరిశోధకులు ప్రతిపాదించారు. ఓపెన్ఏఐ సంస్థ 2022 నవంబరు 30న చాట్‌జీపీటీని విడుదల చేసినది. ప్రతి సంభాషణకూ వర్తించు శాశ్వత సూచనలను వ్రాసుకొను సదుపాయము అందులో 2023 జూలైలో వచ్చినది. అదే సంవత్సరము నవంబరులో, ప్రోగ్రామింగు తెలియనివారు కూడా తమ పనికి ప్రత్యేక సహాయకమును తయారు చేసుకొను వీలు కల్పించబడినది. 2024 జూన్‌లో ఆంత్రోపిక్ సంస్థ క్లాడ్‌లో "ప్రాజెక్టులు" అను సదుపాయమును ప్రవేశపెట్టినది. అదే నెలలో జెమినై మొబైల్ యాప్ తెలుగుతో సహా 9 భారతీయ భాషలలో భారతదేశములో విడుదలైనది.

ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము 2024 అక్టోబరులో మెటా సంస్థతో ఒప్పందము చేసుకొని, 2025 జనవరి 30న వాట్సాప్ ద్వారా పౌరసేవలు అందించు "మన మిత్ర"ను 161 సేవలతో ప్రారంభించినది. ఇది పౌరులందరి కొరకు ప్రభుత్వము మలచినది. ఒక గుమాస్తాయో, వ్యాపారియో, శిల్పియో తన పనికి తానే మలచుకొనునది దీనికి భిన్నమైనది.

పద్ధతులు

అనుకూలీకరణకు నాలుగు పద్ధతులు కలవు.

1. శాశ్వత సూచనలు: సహాయకము ఎవరి కొరకు పనిచేయుచున్నది, ఏ భాషలో, ఏ మర్యాదతో వ్రాయవలెను, ఏ కొలతలు వాడవలెను, ఏది చేయరాదు అన్న విషయాలను ఒకసారి వ్రాసి పెట్టుట.
2. ఆధార పత్రాలు: ధరల జాబితా, ఉత్తర్వులు, పాత ఉత్తరాలు మొదలైన వాటిని జతచేసి, వాటి ఆధారముగానే జవాబు చెప్పమనుట.
3. మాదిరులు: బాగుగా వ్రాసిన రెండు మూడు పాత ఉత్తరాలను చూపి, అదే తీరున వ్రాయమనుట. చాలా సందర్భాలలో పెద్ద వివరణ కంటె మంచి మాదిరి ఎక్కువ ఫలితమునిస్తుంది.
4. పునఃశిక్షణ: వేలకొద్ది ఉదాహరణలతో భాషా నమూనాకే మరల శిక్షణ ఇచ్చుట. దీనికి ఖర్చు, నైపుణ్యము అవసరము. చిన్న కార్యాలయాలకు సాధారణముగా మొదటి మూడు పద్ధతులే సరిపోతాయి.

నంద్యాల: పంటలు, భూమి కొలతలు

నంద్యాల 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుండి వేరుపడిన నంద్యాల జిల్లాకు ముఖ్యపట్టణము. ఇక్కడి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానము 1906లో స్థాపించబడినది. యంత్రముతో కోతకు అనువైన ఎన్‌బీఈజీ 47, అట్లే ఎన్‌బీఈజీ 49 అను శనగ రకాలు ఇక్కడివే.

విత్తనాలు, ఎరువులు అమ్మువారికి సహాయకముతో వచ్చు మొదటి చిక్కు పంట పేరులోనే ఉన్నది. రాయలసీమలో శనగ, శెనక్కాయ అనునవి వేర్వేరు పంటలు. మొదటిది పప్పుశనగ, రెండవది వేరుశనగ. కర్నూలు, నంద్యాల ప్రాంతములో వేరుశనగను "బుడ్డలు" అని కూడా అంటారు. ఈ తేడాను ముందుగా చెప్పనిచో, ఒక పంటకు అడిగిన మందు మోతాదుకు మరొక పంట జవాబు రావచ్చును. నష్టపోవునది రైతు. అందువలన స్థానిక పేర్ల పట్టికను ఆధార పత్రముగా జతచేయవలెను. మోతాదులను మాత్రము డబ్బాపైనున్న చీటీ నుండి లేదా పరిశోధనా స్థానపు సిఫారసుల నుండి మాత్రమే తీసుకొనవలెను.

భూమి పత్రాలలోని "సెంటు" ఇటువంటిదే. ఎకరములో నూరవ వంతు సెంటు, అనగా 48.4 చదరపు గజములు. ఇంగ్లీషులోనికి మార్చునపుడు దీనిని సెంటీమీటరుగానో, నాణెముగానో పొరబడు ప్రమాదము కలదు. అడంగల్, 1బి, పట్టాదారు వంటి రెవెన్యూ పదాలను అనువదింపక యథాతథముగా ఉంచమని సూచించుట మేలు.

ఆళ్ళగడ్డ: శిల్పుల పని

నంద్యాల జిల్లాలోని ఆళ్ళగడ్డ రాతి శిల్పాలకు ప్రసిద్ధి చెందినది. దూరప్రాంతపు దేవాలయాల నుండి విగ్రహాలకు ఆర్డర్లు తీసుకొను శిల్పికి ఇంగ్లీషు ఉత్తరాలు, ధరల అంచనాలు, ప్యాకింగు జాబితాలు వ్రాయుట పెద్ద భారము. ఈ పనికి సహాయకము ఎంతో ఉపయోగపడగలదు. కాని ఇక్కడ "అంగుళము" అను మాటతో జాగ్రత్త అవసరము.

శిల్పశాస్త్రములో అంగుళము అనునది విగ్రహపు ఎత్తును బట్టి మారు ప్రమాణము. 12 అంగుళాలు ఒక తాళము. నవతాళ విగ్రహము ఎత్తు 108 అంగుళాలు. 3 అడుగుల నవతాళ విగ్రహములో ఒక శాస్త్ర అంగుళము విలువ ఇంచిలో మూడవ వంతు మాత్రమే. ఈ సంగతి తెలియని సహాయకము 108 అంగుళాలను 108 ఇంచులుగా, అనగా 9 అడుగులుగా అనువదించగలదు. ఆ లెక్కతో ధర పంపినా, రాయి తెప్పించినా జరుగు నష్టము చిన్నది కాదు. కనుక శాస్త్ర అంగుళము, ఇంచి అను రెండు మాటలను వేరుగా నిర్వచించి, ప్రతి అంచనాలోను విగ్రహపు మొత్తము ఎత్తును అడుగులలో కూడా వ్రాయమని శాశ్వత సూచన ఇవ్వవలెను.

తెలుగు లిపి సమస్యలు

డీటీపీ కేంద్రాలలో అను ఫాంట్లతో టైపు చేసిన పత్రాలు యూనీకోడ్‌లో ఉండవు. వాటిని యథాతథముగా అతికించినచో సహాయకమునకు అర్థము లేని గుర్తులు మాత్రమే కనిపిస్తాయి. ముందుగా యూనీకోడ్‌లోనికి మార్చుకొనవలెను.

భాషా నమూనాలు వచనాన్ని టోకెన్లు అను ముక్కలుగా విడగొట్టి చదువుతాయి. తెలుగుకు ఇంగ్లీషు కంటె ఎక్కువ ముక్కలు అవసరమగుట వలన ఖర్చు పెరిగి, ఒకేసారి చదవగల పత్రపు నిడివి తగ్గేది. 2024 మే నెలలో జీపీటీ-4ఓ విడుదల సమయములో ఓపెన్ఏఐ చూపిన ఒక తెలుగు ఉదాహరణలో టోకెన్ల సంఖ్య 159 నుండి 45కు తగ్గినది.

మాదిరి సూచనలు

ఒక చిన్న శిల్పశాలకు శాశ్వత సూచనలు ఈ విధముగా ఉండవచ్చును:

* కొనుగోలుదారులకు ఇంగ్లీషులోను, శిల్పశాల పనివారికి తేలిక తెలుగులోను వ్రాయుము. పెద్దలను "గారు" అని సంబోధింపుము.
* ధరలను జతచేసిన పట్టిక నుండి మాత్రమే తీసుకొనుము. పట్టికలో లేనిచో "ధర అడగవలెను" అని వ్రాయుము.
* రూపాయలను లక్షల పద్ధతిలో (1,25,000) వ్రాయుము. తేదీలో నెల పేరును అక్షరాలలో వ్రాయుము.
* అందజేయు తేదీని నీవుగా వాగ్దానము చేయకుము.

సూచనలు సిద్ధమైన తరువాత, సరియైన జవాబు ముందే తెలిసిన పది పాత పనులను ఇచ్చి పరీక్షించుట మంచి పద్ధతి. తప్పు వచ్చిన ప్రతిచోట ఒక సూచనను సవరించి, మరల పదింటినీ పరీక్షించవలెను. ఒక సవరణ మరొక చోట తప్పుకు దారితీయవచ్చును.

పరిమితులు, జాగ్రత్తలు

సహాయకాలు లేని ఉత్తర్వు సంఖ్యలను, తేదీలను కూడా నమ్మదగిన రీతిలో కల్పించగలవు. ఎన్ని సూచనలు ఇచ్చినను ఈ లోపము తగ్గునే గాని పూర్తిగా పోదు. సర్వే నంబరు, పేరు, మొత్తము, మోతాదు అను నాలుగింటిని మూల పత్రముతో సరిచూడనిదే కాగితము బయటకు పంపరాదు. కాగితముపై సంతకము చేసినవారే దానికి బాధ్యులు.

ఇతరుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు వివరాలు, అర్జీలు సహాయకములో అతికించుట గోప్యతకు సంబంధించిన విషయము. డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టము 2023లో ఆమోదము పొందగా, దాని నియమావళి 2025 నవంబరులో ప్రకటించబడినది. కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ 2025 జనవరిలో తన ఉద్యోగులను కార్యాలయ కంప్యూటర్లలో ఇటువంటి సాధనాలు వాడవద్దని ఆదేశించినది. ప్రభుత్వ ఉద్యోగులు తమ శాఖ అనుమతి ఉన్నదో లేదో తెలుసుకొనిన తరువాతనే వీటిని ఉపయోగించవలెను. అనుమతి ఉన్నచోట కూడా పేర్లు, సంఖ్యలు తొలగించి ఖాళీ నమూనాను మాత్రమే తయారు చేయించుకొని, వివరాలను తరువాత చేతితో నింపుట క్షేమము.

ఇవి కూడా చూడండి

* నంద్యాల
* ఆళ్ళగడ్డ
* శిల్పశాస్త్రము
* యూనీకోడ్
* కృత్రిమ మేధస్సు